తలకొక డబ్బా

మా వదినను వీధిలో అందరూ డబ్బాల అక్క అంటారు. ఆ పేరు పెట్టింది మూల మీద సైకిళ్లు బాగుచేసే ఆయన. పెట్టిన కొత్తలో వదిన ఆయనతో పెద్ద గొడవే పడింది. ఆ గొడవతో పేరు ఇంకా నాలుగు వీధులకు పాకి ఖాయమైపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తనను కాదన్నట్టు వెళ్లిపోతుంది.

ఆమె మా పేట ఆరోగ్య కేంద్రంలో ఆయా. ఊడవడం, తుడవడం, మందుల కోసం వచ్చినవాళ్లను వరసలో నిలబెట్టడం, సూది చూసి గుక్కపట్టే పిల్లల చేతులు గట్టిగా పట్టుకోవడం ఆమె పని. ఒక ఏడాది ఆ కేంద్రానికి కొత్త పని వచ్చిపడింది. మా పేటలో ఫిట్స్ వచ్చేవాళ్లు మిగతా పేటల కంటే ఎక్కువగా ఉన్నారని పెద్దాసుపత్రివాళ్లు గమనించారట. అందులో చాలామందికి బద్దెపురుగు కారణమై ఉండొచ్చని వాళ్ల అనుమానం. అందుకని పేటలో ఎంతమంది కడుపులో ఆ పురుగుందో లెక్క తేల్చమన్నారు. దానికోసం మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తలకొకటి చొప్పున ఇంటింటికీ పంచి, మర్నాడు పొద్దున్నే నిండినవి తెచ్చి ల్యాబులో ఇవ్వాలి. ఈ మాట వినగానే నర్సులందరికీ వేరే పనులు గుర్తొచ్చాయి. వదిన మాత్రం చీపురు గోడకానించి, నేను చేస్తాను, ఇటు ఇవ్వండి అంది.

మా ఇంట్లో అప్పటికి నలుగురం. అన్నయ్య, వదిన, నేను, నా కూతురు. నా భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, ఇంటికొచ్చినప్పుడు చుట్టమే. నేను రెడీమేడ్ బట్టల షెడ్డులో చొక్కాల కాలర్లు కుడతాను. పొద్దున చీకటితో వెళితే దీపాలు పెట్టే వేళకు వస్తాను. అన్నావదినలకు పిల్లలు లేరు. కాబట్టి నా కూతురు పేరుకు నాకు పుట్టింది గానీ పెరిగింది వదిన ఒళ్లోనే. ఇంట్లో దాన్ని చిట్టి అంటాం. ఏడేళ్లొచ్చినా అత్త కలిపి పెడితేనే నోరు తెరిచేది. నేను పెడితే మూడో ముద్దకే కడుపు నిండిందనేది.

వదిన శుభ్రం గురించి చెప్పకపోతే ఈ కథ చెప్పినట్టే కాదు. నిప్పులు కడిగే రకం. గిన్నె కడిగాక ఎండలో పెట్టి వెలుగుకెత్తి చూసేది. నేను కడిగిన గిన్నెలు నాకు తెలియకుండా మళ్లీ కడిగేది. నాకు తెలిసేది. ఒళ్లు మండేది. షెడ్డులో కూర్చుని ఆవిడ గారి మడికట్టు గురించి పక్కమిషను ఆమెకు కథలు కథలుగా చెప్పి నవ్వించేదాన్ని. అంత శుభ్రమైన మనిషి ఒక్క చోట మాత్రం లొంగిపోయేది. మాంసం నిప్పుల మీద కాలుతుంటే ఆగలేకపోయేది. పుట్టింటికి వెళ్లినప్పుడు వాళ్ల తమ్ముడు పంది మాంసం కాలుస్తుంటే ఉడికిందో లేదో చూస్తానని పక్కనే కూర్చుని, చూడటంతోనే సగం తినేసేది. ఉడికాక రుచి ఏముంటుంది, చెప్పుల తోలులా అని వాదించేది.

డబ్బాల పని మొదలయ్యాక ఆమెకు కేంద్రంవాళ్లు ఒక బొమ్మల అట్ట ఇచ్చారు. ప్రతి గుమ్మంలోనూ ఆ అట్ట ఎత్తిపట్టి వదిన ఒకే పాఠం చెప్పేది. విని విని మా ఇంటి గోడలకు కూడా వచ్చేసింది. సరిగా ఉడకని పంది మాంసంలో బియ్యపు గింజంత పొక్కులుంటాయి. అవి తిన్నవాడి కడుపులో పురుగు రిబ్బనులా మూరల కొద్దీ పెరుగుతుంది. వాడికి పెద్ద బాధేమీ ఉండదు, ఎప్పుడైనా కాస్త కడుపునొప్పి, అంతే. తెల్లటి ముక్కలుగా తెగి దొడ్డికి వెళ్లినప్పుడు పడుతుంటుంది. ఆ ముక్కల నిండా కంటికి కనిపించని గుడ్లు. వాడు చేతులు సరిగా కడుక్కోకుండా ఇంకొకరికి అన్నం పెడితే ఆ గుడ్లు వాళ్ల ఒంట్లోకి పోతాయి. అక్కడ పిల్లలై, నెత్తుట్లో పడి, కండలోకో కంట్లోకో మెదడులోకో చేరి పొక్కుల్లా కూర్చుంటాయి. ఫిట్స్ అప్పుడొస్తాయి. పురుగు ఒకరి కడుపులో ఉంటుంది, జబ్బు ఇంకొకరికి వస్తుంది. కాబట్టి మాంసం ముట్టనివాళ్లు కూడా డబ్బా ఇవ్వాల్సిందే.

జనం ఇవ్వరు కదా. మూడు తరాలుగా మాంసం ముట్టని ఇల్లు మాది, నా గుమ్మంలోకి ఈ డబ్బాలా అని రిటైరైన లెక్కల మాస్టారు తలుపేసుకున్నాడు. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మామగారి ముందు డబ్బా అందుకోలేక లోపలికి పరిగెత్తితే, వదిన దాన్ని అరుగు మీద పెట్టి వచ్చింది. ఒకాయన డబ్బా ఇచ్చాడు గానీ అందులో కుక్కలకుండే పురుగు గుడ్లు కనిపించాయని ల్యాబు అతను తల పట్టుకున్నాడు. వదిన ఆయన ఇంటికి మళ్లీ వెళ్లి, కుక్కకు మందు ఎప్పుడు వేయిస్తారో కనుక్కుని, ఇంకో డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చింది. అప్పటినుంచి పాఠం చివర ఒక మాట చేర్చింది.

"తలకొక డబ్బా. ఎవరి డబ్బాలో వాళ్లదే. చేబదుళ్లు పనికిరావు."

వీధంతా ఈ మాట పట్టుకుని ఎకసెక్కాలాడింది. సైకిళ్లాయనైతే పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లతో కూడా ఎవరి ట్యూబు వాళ్లదే, చేబదుళ్లు పనికిరావు అనేవాడు. వదిన పట్టించుకోలేదు. వెయ్యికి పైగా డబ్బాలు ల్యాబుకు చేర్చింది.

ఫలితం వచ్చింది. అన్ని డబ్బాల్లోకీ ఒక్కదాంట్లోనే పురుగు గుడ్లు. పై ఆఫీసువాళ్లు సంతోషించారు. మా కేంద్రం డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. ఆమెది చిన్న వయసు, ఊరికే నమ్మే మనిషి కాదు. ఇలాంటి పేటల్లో వందకు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఫిట్స్ చూస్తే ఇంతమందికి వస్తున్నాయి, పురుగు చూస్తే ఎవరికీ లేదు, ఇదెలా కుదురుతుందని వదినతో అందట. వదిన ఇంటికొచ్చి ఆ సంగతి మాతో చెప్పింది. మా నలుగురి డబ్బాల్లోనూ ఏమీ లేదు. నా గిన్నెలు తను మళ్లీ కడగబట్టే లేదని ఆవిడ అనకుండానే నాకు వినిపించింది.

చిట్టికి ఫిట్స్ వచ్చింది ఆ తర్వాత కొద్ది రోజులకే. బడికి సెలవు. మధ్యాహ్నం వదిన ముందు కూర్చుని జడ వేయించుకుంటోంది. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి ఎగరడం మొదలుపెట్టిందట. ఆటలాడకు, కదలకు అని వదిన కసిరింది. మరుక్షణం పిల్ల పక్కకు ఒరిగిపోయింది. కళ్లు తేలేసింది, నోట్లోంచి నురగ. షెడ్డుకు కబురొచ్చి నేను పెద్దాసుపత్రికి పరిగెత్తేసరికి అది మంచం మీద పడుకుని, ఒక పక్క జడ వేసి, ఒక పక్క జుట్టు విరబోసి, నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు తీసుకుంది. వదిన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

తల స్కాను తీశారు. మెదడులో ఒక పొక్కు కనిపించింది. లోపలి పురుగు చచ్చిపోతోంది, చచ్చేటప్పుడు చుట్టూ వాపొస్తుంది, ఆ వాపు వల్లే ఫిట్స్, మాత్రలు రోజూ తప్పకుండా వేస్తే చాలామందికి తగ్గిపోతుంది, భయపడకండి అని చెప్పారు. భయపడకండి అని చెప్పడం తేలిక.

ఇంటికొచ్చాక మా డాక్టరమ్మ మమ్మల్ని కేంద్రానికి పిలిచింది. ఈ పిల్ల తినే తిండిని ఎవరో ముట్టుకుంటున్నారు, ఆ మనిషి కడుపులో పురుగుంది, ఆ మనిషిని పట్టుకోకపోతే రేపు ఈ పిల్లకే మళ్లీ రావచ్చు, ఇంకో పిల్లకు రావచ్చు అంది. ఇంట్లో అందరి డబ్బాలూ మీరే చూశారు కదా అన్నాను. అవునని ఆమె పెన్ను బల్ల మీద కొడుతూ ఆలోచనలో పడింది.

అప్పుడు వదిన అంది, "బడి ముందు చిరుతిళ్ల బండి ఉందండీ. వద్దంటున్నా అక్కడ తింటుంది."

చిట్టి నా ఒళ్లో ఉంది. అంతా విన్నది.

బండి అతను నెమ్మదస్తుడు. పిలిస్తే వచ్చాడు, డబ్బా ఇస్తే తీసుకున్నాడు, అడిగినన్నిసార్లు తెచ్చిచ్చాడు. అతనిలో ఏమీ లేదని ల్యాబులో తేలింది. కానీ పేటకు ల్యాబుతో పనేముంది? ఆ బండి తిండి తిని డబ్బాల అక్క మేనకోడలికి తలలో పురుగు పట్టిందట అన్న మాట అప్పటికే ఇల్లిల్లూ తిరిగింది. తల్లులు పిల్లల చేతులు పట్టుకుని బండి దాటించేవాళ్లు. అతను సాయంత్రం దాకా ఈగలు తోలుకుని, చేసినవి చేసినట్టే మూతపెట్టి తీసుకెళ్లేవాడు. నాకు జాలేసిందని చెప్పను. అతనే అయి ఉండాలని గట్టిగా కోరుకున్నాను, ఎందుకంటే అతను కాకపోతే ఇంకెవరో తెలియదు.

ఈ గొడవలో పిల్లను ఎవరూ చూసుకోలేదు. మాత్రలు చూసుకున్నాం, నిద్ర చూసుకున్నాం, పిల్ల మనసులో ఏముందో చూసుకోలేదు. అది తిండి తగ్గించేసింది. ఏది పెట్టినా ఇది తినొచ్చా, దీనివల్ల ఏమీ కాదా అని అడిగేది. మాత్ర ఇస్తే మాత్రం అడగకుండానే మింగేది. బడికెళ్లేటప్పుడు బండి ఉన్న వైపు కాకుండా రోడ్డు అవతలి అంచున తల దించుకుని నడిచేది.

మళ్లీ చూపించడానికి కేంద్రానికి తీసుకెళ్లిన రోజు డాక్టరమ్మ దాని కళ్లలో లైటు వేసి చూస్తుంటే, చిట్టి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా అంది, "ఇంకెప్పుడూ బండి దగ్గర తిననండీ. ఒట్టు. నా తలలోది తీసేయండి."

డాక్టరమ్మ ఏదో సర్దిచెప్పింది. నేను పిల్లను దగ్గరకు తీసుకున్నాను. వదిన వంగి దాని చెప్పులు తొడుగుతోంది. తొడిగాక కూడా చాలాసేపు పైకి లేవలేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లో నేను బట్టలు జాడిస్తున్నాను. వదిన వచ్చి కుళాయి పక్క గట్టు మీద కూర్చుంది. ఆమె ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, ఏమైందన్నాను.

"మన ఇంటి డబ్బాలిచ్చిన రోజు, నా డబ్బాలో పెట్టింది నాది కాదు," అంది.

ఎవరిది అన్నాను.

"చిట్టిది."

నాకు ముందు నవ్వొచ్చింది. పేటంతా తిరిగి చేబదుళ్లు పనికిరావని చెప్పిన మనిషి! నవ్వు సగంలో ఉండగానే అసలు సంగతి అర్థమైంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

మిగతాది ఆమె తల దించుకుని, మధ్యలో నేనేమీ అడగకుండానే చెప్పింది. బొమ్మల అట్ట చేతికిచ్చిన రోజునే ఆమెకు తెలిసిపోయిందట. అట్ట మీద ఉన్న తెల్లటి ముక్కలు ఆమెకు కొత్త కాదు. అంతకు ముందు కొన్నాళ్లుగా తనకు పడుతున్నాయి, ఏదో అరగని కూర అనుకుంది. అట్ట చూశాక మందుల కొట్లో నులిపురుగులకు పిల్లలకు కూడా వేసే మాత్ర కొనుక్కుని వేసుకుంది. కొన్నాళ్లు ముక్కలు పడలేదు, పీడ విరగడైందనుకుంది. ఆ తర్వాత మళ్లీ ఒకటి కనిపించింది. అది చూసిన మర్నాడే మా ఇంటి డబ్బాల వంతు. తన డబ్బాలో పురుగుందని తేలితే కేంద్రంలో ఏం మొహం పెట్టుకుని నిలబడాలి, వీధిలో ఎంత నవ్వుతారు, అన్నిటికంటే ముందు చిట్టికి అన్నం పెట్టనిస్తారా, ఇవన్నీ ఆలోచించి చిట్టి డబ్బాలోంచి కాస్త తీసి తనదాంట్లో వేసుకుంది. రెండింటికీ మూత పెట్టి, పైన చీటీలు అంటించి, ల్యాబులో తనే ఇచ్చింది. ఇంకో మాత్ర వేసుకుంటే పోతుందిలే అనుకుంది.

"చేతులు బాగానే కడుక్కునేదాన్ని. రెండుసార్లు కడుక్కునేదాన్ని," అంది. "ఎప్పుడో ఒకప్పుడు తప్పిపోయి ఉంటుంది. పిల్ల ఆకలని ఏడుస్తుంటే..."

"ఆ చేతులతోనే నా బిడ్డ నోట్లో ముద్దలు పెట్టావా వదినా?"

"పెట్టాను."

ఆ క్షణాన ఆమెను కొట్టాలనిపించింది. దాచుకోవడానికేమీ లేదు, నిజంగానే అనిపించింది. చేతిలో తడి దుప్పటి ఉంది, దాన్ని ఆమె పక్కనున్న గోడకేసి బాదాను. ఆమె కదల్లేదు. లోపలికెళ్లి పిల్ల పక్కబట్టలు నా గదిలోకి మార్చేశాను. అన్నయ్య వచ్చాక ఆయనకూ చెప్పాను, అందరికీ వినిపించేంత గట్టిగానే చెప్పాను. ఆయన వదినతో, రేపు పొద్దున్నే డాక్టరమ్మకు చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను అన్నాడు.

మర్నాడు నేను కూడా వెంట వెళ్లాను. నమ్మకం లేక వెళ్లాను. వదిన ఆ రోజు ఊడవకుండా నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి నిలబడి, నాకు చెప్పినదంతా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. నీళ్లు నమల్లేదు, ఏడవలేదు. డాక్టరమ్మ కేకలేస్తుందని నేను ఎదురుచూశాను. వెయ్యాలని కూడా అనుకున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నెమ్మదిగా అంది, "డబ్బాలు పంచిన మీరే మార్చారంటే, ఇంక తీసుకున్నవాళ్లు ఎంతమంది మార్చి ఉంటారు?"

గుడ్లు ఆమె తలలోకి కూడా చేరాయేమోనని ముందు వదిన తల స్కాను తీయించారు. అదృష్టం, అక్కడ ఏమీ లేదు. తర్వాత అసలైన మందిచ్చారు. బయటికి వచ్చిన పురుగును డబ్బాలో పెట్టుకుని ఆమె స్వయంగా ల్యాబుకు తీసుకెళ్లింది. ల్యాబు అతను దాన్ని కాగితం మీద పరిస్తే బల్ల చాలలేదట. అంత పొడుగున్నది కడుపులో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పానా అని వదిన అక్కడే కూలబడింది. నేను చూడలేదు. ల్యాబు అతను చెబితే విన్నాను.

పై ఆఫీసుకు సంగతి తెలియకుండా ఉండదు. ఈమెను పనిలోంచి తీసేయమన్నారు. డాక్టరమ్మ వాళ్లతో ఏం మాట్లాడిందో తెలియదు గానీ, పాత లెక్క చెత్తబుట్టలో పడేసి మళ్లీ మొదటినుంచి డబ్బాలు పంచాలని, పంచేది ఈమేనని ఒప్పించింది. పై నుంచి హెచ్చరిక కాగితం ఒకటి వచ్చింది. వదిన దాన్ని మడిచి బియ్యపు డబ్బాలో పెట్టింది. ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ ఉండేది అక్కడే.

మళ్లీ అవే గుమ్మాలు. పాత పాఠం పోయింది. బొమ్మల అట్ట సంచిలోనే ఉండేది. తలుపు తీయగానే వదిన మొదట తన సంగతే చెప్పేది.

"నా కడుపులోనే ఉందమ్మా. తెలిసి దాచాను. మా పిల్ల తలలోకి పోయింది. మీ డబ్బాల్లో కూడా ఏదైనా తేడా జరిగి ఉంటే ఇప్పుడు చెప్పండి."

మొదటి ఇంట్లో వాళ్లు మొహాలు చూసుకున్నారట. తర్వాత ఆ ఇంటి పెద్దావిడ, మా ఆయన ఇవ్వనంటే ఆయనదాంట్లో నాదే పెట్టానమ్మా అంది. ఇంక అక్కడినుంచి తూము తెరిచినట్టయింది. ఒకింట్లో అత్తగారు అయిదు డబ్బాలకూ మనవడిదే సర్దింది. కూలిపని కుర్రాళ్లుండే గదిలో ఒకడే మొత్తం గదికి దానం చేశాడు, మిగతావాళ్లు వాడికి టీ తాగించారు. కొత్త కోడలు డబ్బాలో ఏం పెట్టాలో తెలియక తడిపిన మట్టి పెట్టింది. మొదటిసారి అది ల్యాబులో ఎలా గడిచిందో ల్యాబు అతన్ని అడగాలి. లెక్కల మాస్టారి ఇంట్లో ఈసారి అందరూ ఇచ్చారు. మూడు తరాలుగా మాంసం ముట్టని ఆ ఇంట్లో పెద్దకొడుకు కడుపులో పురుగు దొరికింది. ఆ ఇంట్లో పురుగు గురించి ఒక్కరూ మాట్లాడలేదట, గొడవంతా మాంసం గురించే జరిగింది.

నవ్వినవాళ్లున్నారు, మొహం మీద తలుపేసినవాళ్లున్నారు. పిల్లకు విషం పెట్టిన చేతులు అని ఒకావిడ వీధి పంపు దగ్గర నలుగురిలో అంది. ఆ మాట నేను కూడా ఇంట్లో అన్నదే. పంపు దగ్గర పరాయి మనిషి అంటే మాత్రం నాకు ఎక్కడలేని రోషం వచ్చి, బిందె కింద పెట్టి నోరు చేసుకున్నాను. వదిన నా చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

కొత్త లెక్కలో వందకు ఇద్దరికి పైనే తేలారు. వాళ్లందరికీ మందిచ్చారు. డాక్టరమ్మ మొదట చెప్పిన లెక్కకు అది సరిపోయింది. ప్రపంచం మొత్తం మీద కోట్లమందికి ఈ పురుగులుంటాయని అంచనా వేస్తారు, కానీ దాచుకున్న డబ్బాలను ఎవరు లెక్కపెట్టగలరు అని ఆమె వదినతో అందట. మా పేటలో మాత్రం ఇప్పటికి ఇది నిజమైన లెక్క అంది.

బండి అతని దగ్గరికి వదిన బడి విడిచే వేళకే వెళ్లింది, తల్లులందరూ ఉండే వేళకు. అతని తప్పేమీ లేదు, పురుగు నాలోంచే పిల్లకు పోయింది అని అందరికీ వినపడేలా చెప్పింది. అతను చేస్తున్న పని ఆపకుండా, ఇన్నాళ్లకా అమ్మా చెప్పడం అన్నాడు. వదిన ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. మందు వేసుకున్నాక ఆమె డబ్బాల్లో ఏమీ లేదని ల్యాబులో మళ్లీ మళ్లీ చూసి చెప్పారు. అయినా చిట్టికి పెట్టేది నేనే. వడ్డించేటప్పుడు కూడా వదిన గిన్నె బల్ల మీద పెట్టి దూరంగా జరిగేది. పెట్టమని నేననలేదు, పెడతానని ఆమె అడగలేదు.

చిట్టికి ఫిట్స్ మళ్లీ రాలేదు. కానీ రోడ్డు అవతలి అంచున నడవడం మానలేదు. ఇది తినొచ్చా అని అడగడం మానలేదు. దానికి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. పేటంతా తెలిసినా పిల్ల ముందు అనకుండా ఎలా కాపాడుకొచ్చామో మాకే తెలియదు. ఒక ఆదివారం వదిన నాతో, దానికి చెప్పేస్తాను అంది. నేను వద్దన్నాను. చిన్నపిల్ల, దానికెందుకివన్నీ, నిన్ను చూస్తే భయపడుతుంది, ఇంక నీ దగ్గరికి రాదు అన్నాను. కోపం తగ్గిందో లేదో గానీ, పిల్ల ఆమెను చూసి బెదిరిపోవడం మాత్రం చూడలేననిపించింది.

"రాకపోతే పోనీ," అంది వదిన. "అది తలొంచుకుని నడుస్తోంది, చూశావా?"

చిట్టి గుమ్మంలో కూర్చుని రంగు పెన్సిళ్లు చెక్కుకుంటోంది. వదిన వెళ్లి కాస్త దూరంగా నేల మీద కూర్చుంది. పిల్లలకు చెప్పే తీరులో కాకుండా, కేంద్రంలో డాక్టరమ్మకు చెప్పినట్టే చెప్పింది. నా కడుపులో పురుగుండేది. నాకు తెలిసి కూడా దాచాను. నేను అన్నం పెట్టినప్పుడు నా చేతుల్లోంచి నీలోకి వచ్చింది. అందుకే నీకు ఫిట్స్ వచ్చింది. బండి వల్ల కాదు. బండి వల్లని నేనే అన్నాను, అది అబద్ధం.

చిట్టి చెక్కడం ఆపింది. దాని కళ్లలోకి నేను చూడలేకపోయాను. వదిన చూస్తూనే ఉంది.

"అయితే నేను తిన్నందుకు కాదా?" అంది చిట్టి.

"కాదు. నువ్వేమీ చెయ్యలేదు. నేను చేశాను."

"నిజంగా?"

"నిజంగా."

పిల్ల పెన్సిళ్లు ఒళ్లోంచి కింద పడేసి లేచింది. వదిన దగ్గరికి రాలేదు, నా దగ్గరికీ రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, ఎదురింటి అరుగు మీదున్న తన నేస్తాన్ని కేకేసింది. లోపలున్న మా ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది.

"నా వల్ల కాదంట!"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి లేచి, కింద పడిన పెన్సిళ్లు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో సర్దింది.